మళ్లీ చూడమన్న స్లయిడ్లు

తొంభైల మొదట్లో నేను నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ల్యాబులో టెక్నీషియనుగా పనిచేశాను. రేకుల షెడ్డు, ముందు ఇనుప షట్టరు, లోపల రెండే రెండు చల్లటి గదులు. జంతువులకు వచ్చే జబ్బుల్ని కనిపెట్టే కిట్లు అక్కడ తయారయ్యేవి. నాన్న పల్లె విడిచి కూలికని ఈ వాడకే వచ్చి, ఇక్కడే ఒక మిల్లులో కుదురుకున్న మనిషి. ఆయన కూతురు తెల్లకోటు వేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంటుందని మా చర్చిలో అందరికీ గొప్పగా ఉండేది. నాకూ గొప్పగానే ఉండేది. అంతకుముందు ఐదేళ్లు మలేరియా రక్తపు స్లయిడ్లు చదివాను. ఇంకే విషయంలోనైనా నన్ను ఎవరైనా తప్పు పట్టొచ్చు గానీ, స్లయిడు మీద ఏముందో ఏం లేదో చెప్పడంలో నా కన్ను మీద నాకు నమ్మకం.

ఆ ఏడాది మా ల్యాబుకు కొత్త పని వచ్చింది. కాలా అజార్ అనే జబ్బు కుక్కల్లో ఉందో లేదో చెప్పే కిట్టు తయారుచేయాలి. మన దేశంలో అది బీహారు వైపు మనుషులకు వచ్చే జబ్బు. దోమకన్నా చిన్నదైన ఒక ఈగ కుట్టడంతో వస్తుంది. జ్వరం వదలదు, ప్లీహం ఉబ్బుతుంది, సమయానికి మందు పడకపోతే మనిషి దక్కడు. మన దగ్గర అది మనిషి నుంచి మనిషికే పాకుతుందని మాకు తెలుసు. హైదరాబాదు కుక్కలకు అది ఉందని ఎవరూ చెప్పగా వినలేదు. ఐరోపాలో సముద్రం పక్కనున్న దేశాల్లో మాత్రం అది కుక్కలకే ఎక్కువగా వస్తుంది. కిట్టు అక్కడికి అమ్మాలని మా వాళ్ల ఆలోచన.

కొత్త కిట్టు మంచిదని చెప్పుకోవాలంటే పాత పద్ధతుల పక్కన పెట్టి పోల్చి చూపించాలి. మేము పోల్చింది మూడు పరీక్షలను. మొదటిది అన్నిటికన్నా పాతది. కుక్క మెడ దగ్గర చర్మం కింద ఉండే లింఫు బిళ్లలో సూది గుచ్చి, వచ్చిన కాస్త ద్రవాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, పరాన్నజీవిని మైక్రోస్కోపులో కళ్లారా చూడటం. అది నా పని. రెండోది నీలిచుక్క పరీక్ష. నీలిరంగు పట్టించిన చచ్చిన పరాన్నజీవుల్ని కుక్క సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీటిలో, కలిపి వదిలేస్తాం. జబ్బు లేకపోతే మర్నాటికి అడుగున గుండుసూది తలంత నీలిచుక్క కనిపిస్తుంది, ఉంటే చుక్క కట్టకుండా పలచటి పొరలా చెదిరిపోతుంది. మూడోది మా కిట్టు. వరుసగా చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు. గుంటలో సీరం వేసి, దాని తరువాత వేయాల్సినవి వేస్తే, జబ్బు ఉన్న చోట పసుపు రంగు తేలుతుంది. రెండు మూడు గంటల్లో ఫలితం వచ్చేస్తుంది.

జబ్బు కుక్కల సీరం, స్లయిడ్లు విదేశం నుంచి పెట్టెల్లో వచ్చాయి. జబ్బు లేని కుక్కలు మన దగ్గరే కావాలి. వాటి రక్తంతో ప్లేటు రంగు మారకూడదు. అదీ పరీక్షే. అందుకని ఉప్పల్‌లోని పశువుల డాక్టరును వెంటబెట్టుకుని నేను నాచారం, ఉప్పల్ గల్లీలన్నీ తిరిగాను. ఆ డాక్టరు ఉప్పల్ ఊరివాడే. వాళ్ల తాతల కాలంలో అక్కడ వరి పండించారు. నన్ను చెల్లె అనేవాడు. ఆయన కుక్కను పట్టుకుని రక్తం, బిళ్లలోని ద్రవం తీస్తుంటే నేను గొట్టాల మీద, పలకల మీద నంబర్లు రాసేదాన్ని.

పాత ఉప్పల్‌లో ఒక అవ్వ ఉండేది. నాలుగు బర్రెలు, రెండు కుక్కలు ఆమె సంసారం. మొగుడు పోయాడు. వాళ్ల పొలం ప్లాట్లయి, దాని మీద ఒక కాలనీ లేచింది. ఆ కాలనీ ఇళ్లన్నిటికీ పాలు పోసేది కూడా అవ్వే. కుక్కల్లో ఒకటి గోధుమరంగు మగది, రెండోది నల్లది, దాని తల్లి. మేం వెళ్లిన రోజు అవ్వ పేడ ఎత్తుతూ ఉంది.

"మా కుక్క నెత్తురు మీకేం పనికొస్తది బిడ్డా?" అంది.

"వేరే దేశం కుక్కలకు ఒక రోగం ఉంది అవ్వా. మన కుక్కలకు లేదని సూపియ్యాలె."

"మంచిగున్నదానికి సూది ఏసుడేంది," అని నవ్వి, గోధుమ కుక్క మెడ తానే ఒడిసిపట్టుకుంది. "తీస్కో. గట్టిగ గుచ్చకు, అది పిరికిది."

ఆ గోధుమ కుక్కకు ఒక కంట్లో పాలు పోసినట్టు తెల్లగా ఉంది. దవడ కింద కొంచెం ఉబ్బింది. డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "జరంత జ్వరమున్నది. దవాఖానకు తోలుకరా అవ్వా, సూస్త," అన్నాడు. పాలు పోసే వేళకీ దవాఖానా తెరిచే వేళకీ కుదరదంది అవ్వ.

ల్యాబుకు వచ్చాక మా సారుతో ఆ మాట చెప్పాను. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. పెద్ద చదువు చదివాడు. అవ్వ పాలు పోసే కాలనీలోనే ఇల్లు కట్టుకున్నాడు.

"సార్, ఒక కుక్కకు జ్వరమున్నది. తీసుకోవచ్చునా?"

"ఈ జబ్బు ఇక్కడ లేదు కదమ్మా. ఏ కుక్కైనా పనికొస్తుంది. రాసేసుకో," అన్నాడు.

రాసుకున్నాను.

ప్లేటు పరీక్ష సారు స్వయంగా చేశాడు. అవ్వ కుక్కలు రెండిటికీ పసుపు తేలింది. లేత పసుపు కూడా కాదు, విదేశం నుంచి వచ్చిన జబ్బు కుక్కలతో సమానంగా. నీలిచుక్క పరీక్షలో సీరం చిక్కగా ఉన్న మొదటి గుంటల్లో కొంచెం చెదిరి, పలచన చేసే కొద్దీ చక్కటి చుక్క కట్టింది. అంటే లేదనే లెక్క. నా స్లయిడ్లలో ఏమీ లేదు. అన్ని నంబర్లలో ఏది ఎవరి కుక్కదో గుర్తుపెట్టుకోకుండానే చదివాను, రెండిటికీ 'కనిపించలేదు' అని రాశాను.

మర్నాడు సారు కొన్ని స్లయిడ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇవి మళ్లీ చూడమ్మా."

మళ్లీ చూశాను. వాటిలో విదేశం స్లయిడ్లు కొన్ని ఉన్నాయి. ఒకదానిలో, మొదటిసారి నా కన్ను దాటిపోయిన పరాన్నజీవి ఒకటి నిజంగానే దొరికింది. తప్పు ఒప్పుకుని దిద్దాను. అవ్వ కుక్కల రెండిటిలో మాత్రం ఎంత వెతికినా లేదు. మూడోసారి తెచ్చి పెట్టాడు. అప్పటికి నాకు అనుమానం వచ్చి, ప్లేటు రిజిస్టరు తీసి నంబర్లు సరిచూశాను. నా దగ్గరికి తిరిగి వచ్చిన స్లయిడ్లన్నీ ప్లేటు ఉందని చెప్పి నేను లేదన్నవే.

"సార్, ఇవే ఎందుకు మల్ల సూడమంటున్నరు? మిగిలినయి గూడ ఇయ్యున్రి, అన్నీ సూస్త."

"మిగతావి కలిశాయి కదమ్మా. కలిసినవాటిని మళ్లీ చూడటం దేనికి?"

"కలిసిన కాడ రెండూ తప్పయి ఉండొచ్చు గద సార్."

ఆయన నా వైపు చూసి, ఓపికగా చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "స్లయిడు చదవడమన్నది మనిషి కన్ను. అలిసిపోతుంది. ప్లేటుకు అలుపు లేదు." తరువాత తానే మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఒక చోట ఆపి, నన్ను చూడమన్నాడు. "ఇది అదే కదా?"

చూశాను. పరాన్నజీవి కాదు, కణం మీద పడిన ప్లేట్‌లెట్. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరైనా పొరబడేదే. ఆ మాట చెప్పాను. ఆయన లేచి వెళ్లాడు. పోల్చడమంటే ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దుకోవడమా అని ఆ రోజు సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ నాలో నేనే కోపంగా వాదించుకున్నాను. నాన్నకు చెబితే, "పెద్ద సదువు సదివిన సారు, ఆయనకు ఎరుక లేదా," అన్నాడు. అది ఇంకా ఒళ్లు మండించింది.

అంతటితో ఆగి ఉంటే అది ల్యాబు గొడవగానే మిగిలేది. ఆగలేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఉప్పల్ వెళ్లాను. రెండు కుక్కలకూ ఇంకోసారి రక్తం తీద్దామని డాక్టరును రమ్మని చెప్పి ఉంచాను. మేము గల్లీలోకి తిరిగేసరికి అవ్వ కొట్టం ముందు నేల మీద కూర్చుని ఉంది. గోధుమ కుక్క ఆమె పక్కన పడి ఉంది. కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. నోటి దగ్గర నురగ ఎండిపోయింది. దానిలాగే ఇంకా మూడు వీధికుక్కలు గల్లీ చివర పడి ఉన్నాయి.

"మందు వెట్టిన్రు," అంది అవ్వ. ఏడవడం లేదు. "కాలనీ సంఘపోల్లు మనుషులను దెచ్చి పొద్దుగాలనే ఏయించిన్రు. మాంసం ముద్దలల్ల వెట్టి. ఎందుకురా అంటే, నీ కుక్కలకు మనుషులను సంపే రోగమున్నదంట, పరీక్షల తేలిందంట. రేపటికెల్లి నీ పాలు గూడ వద్దన్నరు." నా మొహంలోకి చూసింది. "నువ్వు తీస్కపోయిన నెత్తుర్లనే తేలిందా బిడ్డా?"

డాక్టరు అడిగాడు, "ఎవరు జెప్పిన్రు అవ్వా గా ముచ్చట?"

"మీ సారే జెప్పిండంట. పొద్దుగాల నడక పోతరు గద అందరు కల్సి."

మనుషులను చంపే రోగం. ప్లేటు ఒక్కటే చెప్పింది. మిగిలిన రెండు పరీక్షలు లేదన్నాయి. ఒకవేళ ఉన్నా, ఆ కాలనీలో మనిషికి అంటించాలంటే ఆ చిన్న ఈగ ఉండాలి, అది కుట్టాలి, ఎన్నో కావాలి. ఇవన్నీ మా సారుకు నాకన్నా బాగా తెలుసు. నడకలో పక్కనున్న మనిషికి తన పని గురించి గొప్పగా ఒక మాట చెప్పాలనిపించింది, చెప్పాడు. కాలనీ వాళ్లకు ఆ కొట్టం, పేడ వాసన, కుక్కలు ముందునుంచీ గిట్టవు. ఒక సాకు దొరికింది. ల్యాబులో తేలిందంటే ఇక ఎవరు అడ్డు చెబుతారు?

నల్లకుక్క బతికే ఉంది. దాన్ని కొట్టంలో కట్టేసి ఉండటంతో ముద్దలు అందలేదు. లేచి నిలబడలేక వెనక కాళ్లు తడబడుతున్నాయి. డాక్టరు దాని కళ్లు చూశాడు. ఇప్పుడు దీనికీ తెల్లపొర మొదలయ్యింది. తరువాత లేచి బర్రెల దగ్గరికి వెళ్లాడు. ఒక బర్రె మేత ముట్టకుండా తల గోడకు ఆనించి నిలబడి ఉంది.

"ఇది ఎన్ని దినాల సంది గిట్లున్నది?"

"వారమాయె. జ్వరమొస్తది, పోతది. పాలు గుంజింది."

డాక్టరు నా వైపు తిరిగాడు. "చెల్లె, మనకు బుద్ధి లేదు. పురాగ లేదు. పచ్చి నెత్తురు చుక్క ఒక్కటి సూస్తే అయిపోతుండె."

నల్లకుక్క చెవి నుంచి, బర్రె చెవి నుంచి చెరొక చుక్క గాజు పలక మీద తీసుకుని, పక్క వీధిలోని దవాఖానాకు దాదాపు పరుగున వెళ్లాం. ఆదివారమైనా తాళం ఆయన దగ్గరే ఉంది. రంగు వేయలేదు, ఏమీ వేయలేదు. చుక్క ఆరకముందే కటకం కింద పెట్టాను. ఎర్రకణాలు ఒకచోట ఒకదాన్నొకటి తోసుకుంటూ కదులుతున్నాయి. వాటి మధ్యలోంచి సన్నటి పాములాంటిది మెలికలు తిరుగుతూ దూసుకొచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. బర్రె చుక్కలోనూ అవే.

సర్రా. పశువుల్ని కుట్టే పెద్ద ఈగలు మోసుకొచ్చే రోగం. బర్రెలకూ కుక్కలకూ గుర్రాలకూ ఉప్పల్ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. దాని క్రిమికి కాలా అజార్ క్రిమి దగ్గరి చుట్టం. అందుకే కుక్క ఒంట్లో దీనికి విరుగుడుగా పుట్టిన పదార్థాన్ని చూసి మా ప్లేటు కాలా అజార్ అనుకుని పసుపు పూసింది. రక్తంలో ఈ క్రిములు కొన్నాళ్లు కనిపిస్తాయి, కొన్నాళ్లు దాక్కుంటాయి. బిళ్ల నుంచి తీసిన నా స్లయిడ్లలో ఆ రోజు ఇవీ లేవు. అయినా పాలు పోసినట్టున్న ఆ కన్ను, ఆ దవడ వాపు చూసినప్పుడే పచ్చి చుక్క చూసి ఉండాల్సింది. ఐదు నిమిషాల పని. నాకు అప్పగించింది ఒక జబ్బు ఉందో లేదో చెప్పడం కాబట్టి, అది లేకపోతే ఇంకేముందని నేను అడగలేదు. ఆ కోపం నా మీద నాకు ఇప్పటికీ ఉంది.

"దీనికి సూదిమందు ఉన్నది," అన్నాడు డాక్టరు. "గా గోధుమదానికి గూడ పని జేస్తుండె."

ఆ రోజే నల్లకుక్కకూ బర్రెకూ ఇంజెక్షన్ ఇచ్చాడు. ముందు జాగ్రత్తకు మిగిలిన బర్రెల రక్తమూ చూశాం. అవ్వ కుక్క మెడ పట్టుకుని ఉండగానే అడిగింది.

"అయితే గా పెద్ద రోగం లేదా?"

"లేదు అవ్వా. మా పరీక్ష తప్పు జూపింది."

"మరి గామాట వాళ్లకు ఎవరు జెప్తరు?"

డాక్టరు, నేను కలిసి సంఘం అధ్యక్షుడి ఇంటికి వెళ్లాం. గేటు బయటే నిలబెట్టి విన్నాడు. పూర్తిగా విన్నాడు కూడా. విని, "మీ సారు ఒకటి చెబుతారు, మీరొకటి చెబుతారు. ఇప్పుడనుకుని ఏం లాభమమ్మా, పోయిన కుక్క తిరిగొస్తుందా?" అన్నాడు.

"కుక్క రాదు. పాలు తీస్కోవచ్చు గద," అన్నాను.

"అది ఎవరిష్టం వాళ్లది," అని గేటు వేసుకున్నాడు.

సోమవారం షట్టరు తెరవకముందే నేను ల్యాబు ముందు ఉన్నాను. ఆ రెండు పలకలకూ దవాఖానాలోనే రంగు వేసి తెచ్చాను. సారు కటకంలో చూశాడు. ఆయన తెలివి గురించి నేనెప్పుడూ తక్కువగా అనుకోలేదు. చూడగానే ఆయనకు అంతా అర్థమైంది.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు. అని, రిజిస్టరు ముందుకు లాక్కుని ఆ రెండు నంబర్ల మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన ఇంగ్లీషులో, ఆరోగ్యంగా లేవు, తీసివేయడమైనది అని రాశాడు.

"సార్, అదేంది?"

"జబ్బు లేని కుక్కలే కదా మనకు కావాల్సింది. ఇవి జబ్బువి. నువ్వే చూపించావు."

"జ్వరమున్నదని నేను ముందే జెప్పిన. ఏ కుక్కయినా నడుస్తదని మీరే అన్నరు. ప్లేటు కరెక్టుగ జూపితే ఉంచుదురు, తప్పు జూపిందని తీసేస్తున్నరు. సర్రా ఉన్న కుక్కకు ఈ కిట్టు తప్పు జెప్తదని రాయాలె సార్. కొనుక్కునేటోళ్లకు అదే కావాలె."

"రేపు కొనేవాళ్ల దేశంలో సర్రా లేదమ్మా."

"రేపు ఇక్కడ అమ్మరా?"

గదిలో ఇంకో ఇద్దరు టెక్నీషియన్లు ఉన్నారు. వాళ్లు తలెత్తలేదు. నేను కలం తీసి, ఆయన కొట్టిన గీత కింద నేను చూసిందేమిటో, ఎప్పుడు చూశానో తెలుగులోనే రాసి సంతకం పెట్టాను. అంతవరకూ కోపం చూపించని మనిషి, "అది నీ సొంత నోటుబుక్కు కాదు," అన్నాడు. ఆ తరువాత నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోనివ్వలేదు. గాజు సామాను కడిగే గదికి వేశారు. వేడినీళ్లు, ఆసిడు వాసన, అరచేతులు పగలడం. కడగడం తక్కువ పనని కాదు. ఐదేళ్లు సంపాదించుకున్న కన్నును శిక్షగా తీసి పక్కన పెట్టారు. అదే నన్ను మండించింది.

కిట్టుతో పాటు పెట్టెలో పెట్టే కాగితం అచ్చై వచ్చినప్పుడు పెట్టెలు మోస్తూ ఒకటి చదివాను. మూడు పరీక్షల పట్టిక అందంగా వేశారు. స్లయిడు వరుస, ప్లేటు వరుస అన్నదమ్ముల్లా కలిసిపోయాయి. సర్రా లాంటి పొరుగు జబ్బుల వల్ల తప్పు చూపే అవకాశం గురించి ఒక్క ముక్క లేదు. ఆ నెల చివర నేను రాజీనామా ఇచ్చి, హబ్సిగూడలో మనుషుల రక్తపరీక్షలు చేసే ఒక చిన్న చోట చేరాను.

అవ్వ పాలు కాలనీలో కొందరు మళ్లీ తీసుకున్నారు, చాలామంది తీసుకోలేదు. ఆమె అంబర్‌పేట్ మార్కెట్ వైపు రెండు హోటళ్లకు పోయడం మొదలుపెట్టింది. అంత దూరం, ఆ వయసులో, క్యాన్లతో బస్సెక్కి. నల్లకుక్కకు ఇంకో రెండుసార్లు సూది పడింది. కళ్లు తేటపడ్డాయి. నేను వెళ్తే నన్ను చూసి మొరిగేది, సూది గుర్తుండి కాబోలు. అవ్వ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొన్నేళ్ల తరువాత ఉప్పల్ బస్టాపులో సారు కనిపించాడు. జుట్టు నెరిసింది. ఆయనే పలకరించాడు, ఎక్కడ చేస్తున్నావు, పిల్లలెందరు అని. నేను జవాబులు చెప్పాను. కాసేపటికి తనంతట తానే, "నీకు నా మీద కోపం పోలేదనుకుంటా. ఆ రెండు కుక్కల్ని ఉంచినా పట్టిక పెద్దగా మారేది కాదమ్మా," అన్నాడు.

"మారనప్పుడు ఎందుకు తీసేసిన్రు సార్?"

ఇంతలో మా ఇద్దరికీ కావాల్సిన నాచారం బస్సు వచ్చింది. ఆయన ఎక్కి, తలుపు దగ్గర పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. నేను ఎక్కలేదు. తరువాతి బస్సు కోసం నిలబడ్డాను.